చక్రం ఆగినప్పటి నుంచి

కొత్తిమీర పచ్చడి ఐదు నిమిషాల పని. ఈ మాట నాది కాదు, మా ఆయనది. జగదీశ్ లెక్కలో ఐదు నిమిషాల పనులు చాలానే ఉన్నాయి. చొక్కా ఇస్త్రీ, మా అమ్మాయి కీర్తన లంచ్ బాక్సు, వాళ్లమ్మ మోకాళ్లకు నూనె రాయడం, పక్కింటివాళ్లు వస్తే నలుగురికి ఉప్మా. సోమవారం పొద్దున ఇడ్లీ కుక్కర్ దించుతుంటే వంటింటి గడప మీద నిలబడి, "జర కొత్తిమీర చట్నీ గూడ చెయ్యరాదు, ఐదు నిమిషాల పని గద" అన్నాడు. అదే గొంతుతో, మధ్యలో ఊపిరైనా తీసుకోకుండా, "ఆ నాట్ విల్లింగ్ లెటర్ మీద సంతకం గూడ పెట్టెయ్యి. టైప్ చేయించి తెచ్చిన. ఫ్రిజ్ మీద ఉన్నది" అన్నాడు.

నేను పద్నాలుగేళ్లుగా ప్రైమరీ స్కూల్ టీచర్ని. ఈసారి సీనియారిటీ లిస్టులో నా పేరు పైకొచ్చింది. ప్రైమరీ స్కూల్ హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్. నా వంతుకు మిగిలేది మహేశ్వరం అవతల ఒక ఊరి బడి. నలభై ఒక్క మంది పిల్లలు, నాతో కలిపి ఇద్దరు టీచర్లు. శంషాబాద్‌లో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. వద్దనుకున్నవాళ్లు శనివారం సాయంత్రం ఐదున్నరలోపు మండల ఆఫీసులో 'నాట్ విల్లింగ్' అని రాసివ్వాలి. పోయినసారి లిస్టు వచ్చినప్పుడు కీర్తన ఒకటో తరగతి. అప్పుడు నేను రాసిచ్చాను. ఇప్పుడు అది ఆరో తరగతి. ఈసారి కూడా వదులుకుంటే మళ్లీ లిస్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నా సొంత బడి, పిల్లలతో నాకు తోచినవన్నీ చేసి చూడగలిగే బడి, అలా చేతికందినట్టే అంది వెనక్కి పోతుంది.

ఫ్రిజ్ మీది కాగితం చదివాను. మూడే వాక్యాలు. "నా కుటుంబ బాధ్యతల దృష్ట్యా ఈ పదోన్నతిని నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అనేది నడిమి వాక్యం. నాకు ఆశ్చర్యమేసింది. ఈ ఇష్టం నాకు ఎప్పుడు పుట్టిందా అని వెనక్కి వెతుక్కున్నాను. బస్టాండ్ దగ్గరి జిరాక్స్ షాపులో, నేను లేనప్పుడు, ఆదివారం సాయంత్రం పుట్టిందన్నమాట. కాగితం మళ్లీ ఫ్రిజ్ మీదే పెట్టి, బండి తీసి బడికి వెళ్లిపోయాను. చట్నీ మాత్రం చేశాను.

జగదీశ్‌ని చెడ్డవాణ్ణి చేసి చెప్పాలని నాకు లేదు. ఎయిర్‌పోర్టులో సూపర్‌వైజర్. విమానం దిగి మళ్లీ లేచేలోపు నేల మీద జరిగే పనులన్నీ చూస్తాడు. సామాన్లు దించడం, లోపల ఊడ్చి తుడవడం, ఇంధనం, నీళ్లు, భోజనాల పెట్టెలు. అన్నీ నిమిషాల మీద నడుస్తాయి. ఎవరి వల్ల రెండు నిమిషాలు ఆలస్యమైందో రాసిపెడతారట. అలాంటి మనిషి ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పగానే నిమిషాల సంగతి ఎలా మరిచిపోతాడో నాకు ఎప్పుడూ అంతుబట్టేది కాదు. మొదట్లో కోపం వచ్చేది. ఈ మధ్య కోపం కంటే, అసలు ఇదెలా జరుగుతుందో తెలుసుకోవాలన్న కుతూహలమే ఎక్కువైంది. దానికి కారణం మా మూడో తరగతి పిల్లలు.

మా బడి ఎయిర్‌పోర్టు గోడకు దగ్గర. పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు అక్కడే పని చేస్తారు. విమానం పైనుంచి పోతే ఇరవై సెకన్ల పాటు పాఠం ఆగిపోతుంది. నేను నోరు మూస్తాను, పిల్లలు తలలెత్తుతారు, రేకులు అదురుతాయి, మళ్లీ మొదలుపెడతాం. ఆ నెల కొలతల పాఠం. జానతో బల్ల కొలిచారు, అడుగులతో వరండా కొలిచారు. కాలాన్ని దేనితో కొలుస్తారో మీరే ఒక కొలత కనుక్కొని రండి, దానితో మీ ఇంట్లో ఒక పని ఎంతసేపు పడుతుందో కొలవండి అన్నాను. చప్పట్లు కొడతారనో ఒకటి నుంచి వంద వరకు లెక్కపెడతారనో అనుకున్నాను. ఆదివారం గడిచి తరగతి మొదలవగానే మనీషా లేచి నిలబడి, "మా అమ్మ అన్నం, కూర అండుటానికి పదమూడు విమానాలు పట్టింది టీచర్" అంది.

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, ఎందుకంటే తరగతిలో ఎవరూ నవ్వలేదు. సగం మంది విమానాలతోనే కొలుచుకొచ్చారు. గడియారం చదవడం ఇంకా సరిగా రాని పిల్లలకు తలమీద అదే గడియారమైంది. కానీ నవీన్‌కుమార్ ఒప్పుకోలేదు. "అబద్ధం టీచర్. మా అమ్మ మూడు విమానాలల్లనే అండుతది" అన్నాడు. మనీషాకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

ఎవరిది అబద్ధమో నేను చెప్పలేదు, నాకూ తెలియదు కాబట్టి. పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి విమానాలు లెక్కపెట్టించాను. పొద్దున పదకొండు వచ్చాయి, మధ్యాహ్నం నాలుగు. మనీషా పొద్దున కొలిచింది, నవీన్‌కుమార్ ఆదివారం మధ్యాహ్నం కొలిచాడు. "విమానం సక్కగ లేదు టీచర్. ఒక్కోసారి ఒక్కో తీరు పోతది" అని మనీషా తేల్చింది. అందరిచేతా ఒప్పించి గోడ గడియారంలోకి, అమ్మల ఫోన్లలోని నిమిషాల్లోకి వచ్చాం.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. నిమిషాల్లో కొలిచినా మనీషా ఇంట్లో అన్నం నలభై ఎనిమిది నిమిషాలు, నవీన్‌కుమార్ ఇంట్లో ఇరవై. కూపీ లాగితే తేలిందేమిటంటే, నవీన్‌కుమార్ పొయ్యి ముట్టించినప్పటి నుంచి లెక్కపెట్టాడు, మనీషా వాళ్లమ్మ బియ్యం చేటలో పోసినప్పటి నుంచి. అన్నం వండటం ఎప్పుడు మొదలైనట్టు? తరగతి రెండు ముక్కలైంది. నీళ్లు మోసుకొచ్చింది వంటలోకి వస్తుందా అని ఒకరు, గిన్నెలు తోమేది వస్తుందా అని ఒకరు. మూడు రోజులు వాదించారు. "మీరు గూడ కొలవాలె టీచర్" అని పట్టుబట్టారు కూడా. సరే అని నేనూ ఫోన్‌లో టైం పెట్టుకుని కొత్తిమీర పచ్చడి చేశాను. కట్ట విప్పి ఏరడం, మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడగడం, మిరపకాయలు వేయించడం, చింతపండు, మిక్సీ, పోపు, జార్ కడిగి బోర్లించడం. ఇరవై ఆరు నిమిషాలు. అందులో మిక్సీ తిరిగింది నాలుగు నిమిషాలు. పిల్లలు కొలతలన్నీ రాసుకుంటున్న గోడ మీది చార్టులో 'టీచర్, చట్నీ' అని రాసి రెండు అంకెలూ ఎక్కించారు.

జగదీశ్‌ని బడికి పిలిచింది నేను కాదు, మా హెడ్మాస్టర్ శివరామకృష్ణ గారు. ఒంగోలు నుంచి వచ్చి ఇరవై ఏళ్ల క్రితం ఇక్కడ స్థిరపడ్డ మనిషి. చార్టు ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి, "మీ వారు ఎయిర్‌పోర్టులోనే కదమ్మా చేసేది? అక్కడ సమయం ఎలా కొలుస్తారో పిల్లలకు ఓ అరగంట చెబితే బాగుంటుందేమో" అన్నారు. నా మనసులో ఏమీ లేదంటే అది అబద్ధమే అవుతుంది. కానీ మొదట తట్టింది మాత్రం పిల్లల తగువే. పని ఎక్కడ మొదలవుతుందో ఆయనకు తెలిసి ఉండాలి, అదే ఆయన ఉద్యోగం.

బుధవారం ఆయనకు సెలవు. నేను ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. ఎలా మాట్లాడతాడో అని నేను భయపడ్డాను గానీ, బాగా మాట్లాడాడు. బోర్డు మీద విమానం బొమ్మ వేశాడు, తలుపులు ఎక్కడో, సామాన్లు ఎక్కడ దించుతారో చూపించాడు. పిల్లలు అడిగిందానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఆ ఓపిక నాకు కొత్త. పెళ్లయిన ఈ పదమూడేళ్లలో నేను ఒక ప్రశ్న రెండుసార్లు అడిగితే "ఒకసారి చెప్పిన గద" అనే మనిషి, విమానానికి బ్రేకులు ఉంటాయా అని నాలుగుసార్లు అడిగిన పిల్లవాడికి నాలుగుసార్లూ చెప్పాడు. తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుని ఆయన్ని అలా చూస్తుంటే ఇష్టం కూడా కలిగింది, అది దాచడం ఎందుకు.

"సార్, విమానం కింద ఎంతసేపు ఉంటది?" అని అడిగింది మనీషా.

"నలభై నిమిషాలు."

"ఎప్పటి సంది నలభై? ఊడ్చేటోళ్లు లోపలికి ఎక్కినప్పటి సందా?"

"కాదమ్మా." ఆయన చాక్‌పీసుతో చక్రం కింద గీత గీశాడు. "విమానం వచ్చి ఆగంగనే చక్రాలకు అడ్డం దిమ్మెలు పెడ్తరు. అప్పటి సంది టైం షురూ. మళ్ల దిమ్మెలు తీసేదాక నడుస్తది. మెట్ల బండి రావాలె, తలుపు తీయాలె, పబ్లిక్ దిగాలె. ఊడ్చుడు ఒక్కటే పని గాదు గద. అదంత గూడ పనే."

తరగతిలో గుసగుసలు మొదలయ్యాయి. మూడు రోజుల తగువు తెగిపోయింది కదా. నవీన్‌కుమార్ ఓడిపోయినట్టు తల గోక్కున్నాడు. నేను లేచి జగదీశ్ చెప్పిన ఆఖరి మాటను బోర్డు మీద రాశాను. పిల్లలకు పనికొచ్చే మాట ఎవరు చెప్పినా బోర్డు మీద రాయడం నా అలవాటు.

అప్పుడు మనీషా మళ్లీ చెయ్యెత్తింది. "సార్, మీ ఇంట్ల టీచర్ చట్నీ చేసుటానికి ఎంత సేపు పడతది?"

జగదీశ్ నా వంక చూసి నవ్వాడు. ఇంట్లో సంగతి అడిగారని ముచ్చటపడ్డట్టున్నాడు. "చట్నీకేంది, ఐదు నిమిషాలు" అన్నాడు.

ముప్పై మంది తలలు ఒక్కసారి గోడ మీది చార్టు వైపు తిరిగాయి. తరువాత ఒక్కసారి నవ్వారు. వెక్కిరింపు కాదది. తప్పు లెక్క ఎక్కడ తప్పిందో కనిపెట్టినప్పుడు పిల్లలు నవ్వే నవ్వు. నవీన్‌కుమార్ అయితే లేచి నిలబడ్డాడు, తనకు పడ్డ దెబ్బే సారుకూ పడిందన్న సంతోషంతో. "సార్, మీరు మిక్సీ తిరిగిన టైమే చెప్తున్నరు. నేను గూడ గట్లనే చేసిన."

"చక్రం ఆగినప్పటి సంది చెప్పాలె సార్" అంది మనీషా, ఎంతో మర్యాదగా.

జగదీశ్ చార్టు దగ్గరికి నడిచి వెళ్లాడు. 'టీచర్, చట్నీ' అన్న గడి చదివాడు. పక్కన మిగతా గడులూ చదివాడు. శివరామకృష్ణ గారు పరిస్థితి గ్రహించి శాలువా కప్పి, టీ తెప్పించారు.

బడి అయ్యాక ఇద్దరం బండి మీద ఇంటికొచ్చాం. లోపలికి రాగానే శాలువా కుర్చీ మీద పడేసి, "ఆ ప్రశ్న నువ్వే నేర్పినవా పోరికి?" అన్నాడు.

"లేదు."

"మరి నన్ను బకరాను చేసుటానికే పిలిచినవా?"

"పని ఎక్కడికెళ్లి మొదలైతదో వాళ్లకు తెలువలేదు. నాకూ తెలువలేదు. నువ్వు చెప్పినవ్" అన్నాను. అది నిజం. ఆ నిజం చెబుతుంటే నాకు లోపల్లోపల చాలా హాయిగా అనిపించింది, అదీ నిజమే.

మా అత్తమ్మ రేణుకమ్మ వరండాలో మంచం మీద ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లయింది. కొడుకు వెళ్లి ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు, ఎవరో ఒకరు అయ్యో అనాలి కదా. ఆమె అంతా విని, కాళ్లు సర్దుకుని, "నువ్వు పండుకుంటవ్ బిడ్డా, నీకేం ఎరుక. నాకు నొప్పులకు నిద్ర రాదాయె. కోడలు పిల్ల లేచిన కాడికెళ్లి బండి తీసేదాక ముప్పై మూడు మోటర్లు పోతయి మీదికెళ్లి. రోజూ లెక్కవెడ్త" అంది. విమానాల్ని ఆమె మోటర్లనే అంటుంది. తరువాత నా వైపు తిరిగి, "అయినా చాయ్ ఇరవయ్యో మోటరుకు గాని రాదు" అంది. ఆమె నా పక్షాన మాట్లాడిందో, చాయ్ ఆలస్యమవుతోందని సాక్ష్యం చెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పెళ్లయిన కొత్తలో "మీ అమ్మ నీకు ఒడుపు నేర్పలే" అన్నదీ ఈ నోరే. కానీ ఈ ఇంట్లో ఒక మనిషి నా పొద్దుల్ని లెక్కపెడుతూ పడుకుని ఉంటుందని నాకు ఎన్నడూ తట్టలేదు.

గురువారం పొద్దున ఫ్రిజ్ మీది కాగితం డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది, పైన పెన్ను. జగదీశ్ మెత్తగానే మాట్లాడాడు. "రెండు బస్సులు మారాలె. వానకాలం ఆ రోడ్లెట్ల ఉంటయో నీకు తెల్వదా? నువ్వే ఆగమైతవ్. హెచ్ఎం అంటే మీటింగులు, రిపోర్టులు. నీ మంచికే చెప్తున్న." ఆయన చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. రోడ్లు నిజంగానే బాగుండవు, రిపోర్టులు నిజంగానే ఉంటాయి. నన్ను ఆలోచనలో పడేసిందల్లా, ఈ కష్టాలన్నీ నాకు వచ్చేవైతే, వాటికి భయపడుతున్నది ఆయన ఎందుకా అని. నేను పెన్ను తీసి కీర్తన డైరీలో సంతకం పెట్టి, పెన్ను దాని సంచీలో వేశాను.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తరువాత శివరామకృష్ణ గారి గదికి వెళ్లాను. పద్నాలుగేళ్ల సర్వీసులో ఈ సంగతి నాకు తెలియనందుకు సిగ్గుపడుతూనే అడిగాను. "సార్, ప్రమోషన్ కావాలంటే ఎవరికి రాసివ్వాలి? ఆ దరఖాస్తు ఎలా ఉంటుంది?"

ఆయన కళ్లజోడు తీసి నవ్వారు. "కావాలనుకుంటే ఏమీ రాయక్కర్లేదమ్మా. వద్దనుకున్నవాళ్లే కాగితం ఇవ్వాలి. మీరేమీ ఇవ్వకుండా గడువు దాటిందంటే ఒప్పుకున్నట్టే. సోమవారం ఆర్డరు వస్తుంది."

ఆ మాట మనసులో వేసుకుని సాయంత్రం దాకా తిరిగాను. ఇన్నేళ్లూ కావాలంటే ఏదో చేయాలి, ఎవరినో ఒప్పించాలి, ఏదో నిరూపించాలి అనుకుంటూ వచ్చాను. వద్దనడానికే కష్టపడాలట. పోయినసారి మండల ఆఫీసు దాకా వెళ్లి, లైన్‌లో నిలబడి, ముద్ర వేయించుకుని మరీ నాకు నేను వద్దనిపించుకుని వచ్చాను. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను, మొహం కడుక్కుని బియ్యం నానబోశాను.

శనివారం బడి నుంచి నాలుగున్నరకు వచ్చాను. జగదీశ్ పొద్దుటి షిఫ్టు దిగి అప్పటికే ఇంట్లో ఉన్నాడు. నేను సంచీ లోపల పెట్టి, వరండాలో అత్తమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టీ పెట్టలేదు. ఆరేసిన బట్టలు తీయలేదు. కొంచెం సేపటికి జగదీశ్ కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఐదున్నరకు బంద్ అయితది ఆఫీసు. బండి తియ్యాల్నా?"

"వద్దు."

"మరి ఏం చేస్తున్నవ్?"

"ఏం చేస్తలేను" అన్నాను.

అర్థం కావడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సంతకం పెట్టకుంటే ఒప్పుకున్నట్టే తెలుసా? సోమవారం ఆర్డర్ అచ్చేస్తది."

"తెలుసు. నిన్ననే తెలిసింది."

రేణుకమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడు జగదీశ్ అసలు ప్రశ్న అడిగాడు. "అయితే ఇగ పొద్దుగాల ఇంట్ల ఎట్ల? అమ్మకెట్ల? కీర్తన బస్సుకెట్ల?"

జవాబులు నా నాలుక మీదికి వచ్చేశాయి. నాలుగింటికి లేస్తా, కూరలు ముందురోజే తరిగిపెడతా, అత్తమ్మ నూనె సాయంత్రానికి మార్చుకుంటా. పదమూడేళ్లుగా ఆయన అడగకముందే నేను అన్నిటికీ జవాబు తయారుచేసి పెట్టాను, అందుకే ఆయనకు ఏనాడూ అడగాల్సిన అవసరం రాలేదు. ఇవాళ మొదటిసారి నిజంగా తెలియక అడుగుతున్నాడు. ఆ మొహంలో కోపం ఉంది, దాని వెనక కొంచెం భయం ఉంది. ఇద్దరం కలిసి తేల్చుకోవాల్సిన విషయాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే చెప్పేస్తే, ఈ మనిషి మళ్లీ ఎప్పటికీ నేర్చుకోడు.

"మంచి ప్రశ్న అడిగినవ్" అన్నాను. "కూసో. ఆలోచించు. నేను గూడ ఆలోచిస్త."

ఆయన వెంటనే కూర్చోలేదు. గేటు దాకా వెళ్లి వచ్చాడు, ఫోన్ చూసుకున్నాడు, తాళం చెవి జేబులో వేసుకుని మళ్లీ బయటికి తీశాడు. చివరికి మంచం చివర, వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ముగ్గురం వీధి వైపు చూస్తూ ఉండిపోయాం. ఎవరూ లేచి టీ పెట్టలేదు. ఐదున్నరకు నేను హెడ్మిస్ట్రెస్‌ని అయ్యాను, కుర్చీలోంచి లేవకుండానే.